నీ చెయ్యి దించినందుకు

టూరిడ్,
ట్రాండ్‌హైమ్ గ్రంథాలయం మూడో అంతస్తులో ఆ గురువారం
నా పేరు రాసిన అట్టముక్క వెనక కూర్చున్నాను.
నా పేరు కింద "అనుభవజ్ఞురాలు" అని ఉంది,
డాక్టరు పేరు కింద "నిపుణుడు".
ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమో
సాయంత్రమంతా కొలుస్తూనే ఉన్నాను.

పైన ట్యూబులైటు గీపెడుతోంది.
మీకెవరికీ వినపడదు. నాకది
పంటి మీద చెంచా గీసినట్టు.

ఒకాయన లేచి, నా వైపు చూడకుండా నా గురించి అడిగాడు:
"ఈవిడకి లెక్కలన్నీ నోటికొచ్చేస్తాయా?"
లేదండీ. బేకరీలో పనిచేస్తాను.
నెలకోసారైనా పిండిలో ఉప్పు మర్చిపోతాను.
యజమాని తిడతాడు, మళ్ళీ పిసుకుతాను.
నా మహిమ అంతే.

ఒక తల్లి ఏడ్చింది. కన్నీళ్ళు నిజమైనవే.
"మా వాడు వాడి లోకంలో ఉంటాడు" అంది.
వేరే లోకం ఏదీ లేదమ్మా.
ఉన్నది ఇదొక్కటే,
వాడికి కాస్త గట్టిగా వినిపిస్తోంది.

అప్పుడు ఔడున్ మైకు తెచ్చి నీ ముందు పెట్టాడు.
నీ ముందు.
"హెర్‌బోర్గ్‌కి ఏం కావాలంటారు?"
నీ చెయ్యి లేచింది. ఆ చెయ్యి నాకు తెలుసు.
పదకొండేళ్ళుగా నా కోసం లేస్తున్న చెయ్యి,
బ్యాంకులో, పంటి డాక్టరు దగ్గర, మా అక్క పెళ్ళిలో.
ప్రేమగానే లేస్తుంది.
నా మాట ఇంకా నా నోట్లో నానుతుండగానే
నీ నోట్లోంచి పూర్తయి వచ్చేస్తుంది,
చక్కగా, ఎక్కడా తడబడకుండా,
నాది కాకుండా.

"మేము" అంటావు. అందులో నేనుండను.
"మనం" అంటావు. అడక్కుండానే ఎక్కించేసుకుంటావు.

పోయిన చలికాలం ఇదే రాసిచ్చాను కదా నీకు,
రొట్టెల సంచి వెనకాల, పెన్సిలుతో.
రెండు వారాలు నాతో మాట్లాడలేదు నువ్వు.
తర్వాత వచ్చి, బూట్లయినా విప్పకుండా
గుమ్మంలోనే నిలబడి, "చదివాను" అన్నావు.

ఆ గురువారం
నీ చెయ్యి సగం దాకా వెళ్ళి
ఎందుకు లేచిందో మర్చిపోయినట్టు ఆగి
దిగింది.
"ఆవిణ్ణే అడగండి. టైపు చేస్తుంది. ఆగుదాం."
లేచి వెళ్ళి లైటు ఆపేశావు.

ఏడు నిమిషాలు.
కిటికీ అవతల నిదెల్వా నల్లగా పారుతోంది.
ఎవరో దగ్గారు. ఎవరో గడియారం చూశారు.
డాక్టరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
(ఆయన్ని ఎవరూ పరీక్షించలేదు.)
నువ్వు నా తెరలోకి తొంగి చూడలేదు.
నాకెలా తెలుసంటే
నేను నిన్ను చూస్తూనే ఉన్నాను.

చివరికి నా ఫోను చదివింది:
"కింద మరుగుదొడ్డిలో చేతులారబెట్టే మిషను తీసేయండి.
తువ్వాళ్ళు పెట్టండి.
వచ్చేసారి మాలో ముగ్గురిని పిలవండి.
ఒక్కరే వస్తే కొలువులో బొమ్మలా ఉంటుంది.
కరపత్రంలో నన్ను నోరులేనిదాన్నని రాశారు.
నోరుంది. మాట నిదానంగా వస్తుంది. అంతే."

చప్పట్లకి చేతులు లేచాయి, నా భుజాలు బిగుసుకున్నాయి.
అంతలో ఆ తల్లి పక్క కుర్చీలోంచి
(అక్కడే ఉన్నాడు, మొదటినుంచీ అక్కడే)
చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడు
రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించాడు.
వాడిని చూసి వాళ్ళమ్మ.
ఆమెని చూసి వెనక వరస.
చప్పుడు లేని ఆకులతో గది నిండిపోయింది.

తిరుగు ట్రాములో "ఎలా ఉంది నీకు?" అని అడగలేదు నువ్వు.
మధ్యలో ఒక సీటు వదిలి కూర్చున్నావు.
ఆ ఖాళీ సీటుకి కూడా కృతజ్ఞతలు.

మూడు నెలలైంది, మిషను ఇంకా అక్కడే ఉంది.
రేపు మళ్ళీ ఉత్తరం రాయాలి.
నేను రాస్తాను.
నువ్వు స్టాంపు పట్రా.